కాస్మెటిక్ సర్జరీ తర్వాత ఆక్సిజన్ ఛాంబర్: అపోహలు – వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో హైపర్‌బారిక్ ఆక్సిజన్ యూనిట్‌లో, అంటే పీడనం పెంచిన ఛాంబర్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చే చోట, పనిచేసే డాక్టర్‌ని. షుగర్ పుండ్లు మానక ఇబ్బంది పడేవాళ్లు, రేడియేషన్‌తో దవడ ఎముక దెబ్బతిన్నవాళ్లు, ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకుండా పోయినవాళ్లు మా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. ఈమధ్య ఇంకో రకం ఫోన్లు పెరిగాయి. "డాక్టర్ గారూ, మూడు వారాల సెలవు మీద ఇండియా వచ్చి టమ్మీ టక్ (పొట్ట దగ్గర వదులైన చర్మం తీసి బిగించే సర్జరీ) చేయించుకున్నాను. మీ ఛాంబర్‌లో పది సిట్టింగులు తీసుకుంటే పదో రోజుకల్లా డల్లాస్ ఫ్లైట్ ఎక్కేయొచ్చా?" అని అడుగుతారు. ఛాంబర్ మీద నమ్మకం ఉండటం మంచిదే. కానీ అది చేయలేని పనిని దాని మీద పెట్టుకుంటే నష్టపోయేది పేషెంటే.

అపోహ: ఛాంబర్‌లోకి వెళ్తే ఏ గాయమైనా సగం రోజుల్లో మానిపోతుంది.

ముందు ఛాంబర్ ఏం చేస్తుందో చెప్తాను. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ అప్పటికే 97, 98 శాతం నిండి ఉంటుంది. అంటే బస్సులో సీట్లన్నీ నిండిపోయినట్టే. మామూలు మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇచ్చినా కొత్తగా ఎక్కేది కొంచెమే. అదే పీడనం పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే, గోలీసోడాలో గ్యాస్ కరిగినట్టు అది నేరుగా ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, కరుగుతుంది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో అలా కరిగి ఉండేది 0.3 మిల్లీలీటర్లు. 3 అట్మాస్ఫియర్ల పీడనంలో (నేల మీద గాలి పీడనానికి మూడు రెట్లు) అది దాదాపు 6 మిల్లీలీటర్లకు చేరుతుంది. 1960లో నెదర్లాండ్స్ సర్జన్ బోరెమా, ఎర్రకణాలు దాదాపు లేకుండా చేసిన పందులను ఇలా కరిగిన ఆక్సిజన్‌తోనే బతికించి చూపించారు. మేం రోజువారీ వాడేది 2 నుంచి 2.5 అట్మాస్ఫియర్లు, ఒక్కో సిట్టింగ్ సుమారు గంటన్నర.

రక్తం సరిగ్గా అందక చర్మం ఊగిసలాడుతున్న చోట ఈ అదనపు ఆక్సిజన్ ప్రాణం పోస్తుంది. వాపు తగ్గుతుంది, సూక్ష్మక్రిములను చంపే తెల్లకణాలకు బలం వస్తుంది. కానీ శుభ్రంగా మానుతున్న గాయానికి ఆక్సిజన్ కొరతే లేదు. లేని కొరతను మేం తీర్చలేం. ఈ చికిత్సకు సంబంధించిన వైద్య సంస్థ, అండర్‌సీ అండ్ హైపర్‌బారిక్ మెడికల్ సొసైటీ, ఆమోదించిన జబ్బుల జాబితాలో 'ప్రమాదంలో పడిన గ్రాఫ్ట్‌లు, ఫ్లాప్‌లు' (సర్జరీలో ఒకచోటి నుంచి తీసి అతికించిన లేదా విడదీసి జరిపిన చర్మం) ఉన్నాయి. మామూలుగా మానుతున్న కాస్మెటిక్ సర్జరీ గాయం మాత్రం లేదు. వాపు, కమిలిన మచ్చలు త్వరగా తగ్గుతాయనే మాటకు ఇప్పటిదాకా ఉన్న ఆధారాలు ఎక్కువగా చిన్న అధ్యయనాలు, విడివిడి కేసులే.

ఇక ఫ్లైట్ సంగతి. టమ్మీ టక్ తర్వాత అంత దూరం కూర్చుని ప్రయాణిస్తే అసలు భయం కాళ్లలో రక్తం గడ్డకట్టడం గురించి. దానికి చేయాల్సింది తొందరగా లేచి నడవడం, కాళ్లను నొక్కి పట్టే బిగుతు మేజోళ్లు వేసుకోవడం, సర్జన్ రాస్తే ఇంజెక్షన్లు తీసుకోవడం. ఛాంబర్ ఆ ముప్పును తప్పించదు. టికెట్ తేదీని సర్జన్ చెప్పాలి, సిట్టింగుల లెక్క కాదు.

అపోహ: చర్మం నల్లబడినా ఫర్వాలేదు, సిట్టింగులు మొదలయ్యాక అదే సర్దుకుంటుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కిందటేడు ఒకావిడ టమ్మీ టక్ అయిన నాలుగో రోజు మా దగ్గరికి వచ్చారు. కుట్ల పైన, నడిమధ్యలో, అరచేయంత మేర చర్మం నేరేడు పండు రంగుకి తిరిగింది. వేలితో నొక్కి వదిలితే చర్మం తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. ఆవిడకు అంచుల్లో ఆ రంగు నెమ్మదిగా వస్తోంది. మధ్యలో అయితే నొక్కినా తెల్లబడటమే లేదు. రెండో రోజే రంగు తేడా గమనించి ఫోన్ చేశారట. సర్జరీ ప్యాకేజీ చూసుకునే అమ్మాయి "సోమవారం నుంచి మీ ఛాంబర్ సిట్టింగులు ఉన్నాయి కదా మేడమ్, టెన్షన్ పడకండి" అందట. సర్జన్ దాకా ఆ మాట వెళ్లనే లేదు. అలా రెండు రోజులు పోయాయి.

సర్జన్ చూసి, లోపల రక్తం చేరలేదని తేల్చుకుని, బిగుసుకున్న కుట్లు కొన్ని తీసి పంపారు. నల్లబడిన చోటు చుట్టూ మార్కర్ పెన్నుతో గీత గీశాం. మొదట్లో రోజుకు రెండు సిట్టింగులు ఇచ్చాం. అంచులన్నీ కోలుకున్నాయి. మధ్యలో రూపాయి బిళ్లంత చర్మం మాత్రం చనిపోయింది, కోసి తీసేయాల్సి వచ్చింది. అప్పటికే పోయిన చర్మాన్ని ఏ ఛాంబరూ బతికించలేదు. బతుకుతుందా పోతుందా అన్న స్థితిలో ఉన్నదాన్నే మేం కాపాడగలం. అందుకే గంటలు కూడా లెక్కే.

లోపల రక్తం గడ్డకట్టి చర్మాన్ని నెట్టేస్తుంటే ముందు ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లాలి. ముఖంలో గుంటలు, ముడతలు నింపే ఫిల్లర్ ఇంజెక్షన్ తర్వాత చర్మం పాలిపోయినా, చూపు మసకబారినా కూడా ముందు రావాల్సింది ఛాంబర్‌కి కాదు. హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే దాన్ని కరిగించే హైలురోనిడేజ్ వెంటనే పడాలి. ఛాంబర్ ఆ తర్వాతి సంగతి.

అపోహ: సిగరెట్ మానలేకపోతే నాలుగు సిట్టింగులు ఎక్కువ తీసుకుంటే సరి.

నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. ఫేస్‌లిఫ్ట్ (ముఖం చర్మం బిగించే సర్జరీ), టమ్మీ టక్‌లలో చర్మాన్ని కింది నుంచి విడదీస్తారు కాబట్టి ఆ సన్నటి నాళాలే దిక్కు. ఛాంబర్‌లో ఉండేది గంటన్నర, మిగతా రోజంతా నికోటినే. సర్జరీకి ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత కూడా నాలుగు వారాలు పూర్తిగా మానాలి. వేప్, గుట్కా, ఖైనీ, అన్నీ ఇందులోకే వస్తాయి.

అపోహ: గాలి నింపే సాఫ్ట్ ఛాంబర్ కూడా ఇదే, రేటు తక్కువ, అంతే.

అది 1.3 అట్మాస్ఫియర్ల దగ్గర ఆగిపోతుంది. ఆ పీడనంలో మామూలు గాలి పీల్చడమంటే నేల మీద సుమారు 27 శాతం ఆక్సిజన్ పీల్చడంతో సమానం. ఒక మామూలు మాస్క్ ఆ పని చేస్తుంది.

అపోహ: ఆక్సిజనే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి?

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చెవులు. తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు దిబ్బడ వేసినట్టే ఇక్కడా ఉంటుంది, కాకపోతే ఇంకా ఎక్కువ. మింగుతూ, ముక్కు మూసి మెల్లగా ఊదుతూ సర్దుకోమంటాం. మరి ముక్కు సర్జరీ చేయించుకున్నవాళ్లు ముక్కు పట్టుకుని ఊదకూడదు కదా! అందుకే రైనోప్లాస్టీ పేషెంట్‌ని సర్జన్‌తో మాట్లాడకుండా లోపలికి పంపను. ఫేస్‌లిఫ్ట్ అయినవాళ్లకు మాస్క్ పట్టీలు చెవుల దగ్గర కుట్లను నొక్కుతాయి, వాళ్లకు మాస్క్ బదులు తలంతా కప్పే హుడ్ వాడాలి.

చాలా సిట్టింగులు అయ్యాక కొందరికి తాత్కాలికంగా దూరపు చూపు మసకబారుతుంది. చత్వారం ఉన్నవాళ్లు అద్దాలు లేకుండా పేపర్ చదువుతున్నామని సంబరపడతారు. కొన్ని వారాల్లో చూపు మళ్లీ మామూలవుతుంది, ఈలోగా కొత్త అద్దాలు చేయించుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు లోపల షుగర్ పడిపోవచ్చు, ఖాళీ కడుపుతో రావద్దు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన మనిషిని, ఆ గాలి తీయకుండా ఛాంబర్‌లో పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. ఫిట్స్ అరుదు, కానీ వస్తాయి.

నిప్పు గురించి కూడా చెప్పాలి. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో ఛాంబర్‌లో మంటలు లేచి ఐదేళ్ల బాబు చనిపోయాడు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే నూలు గౌను తప్ప ఇంకేదీ వేసుకోనివ్వం. ఫోన్, సెంటు, క్రీము, తలకు కొబ్బరినూనె, ఏదీ కుదరదు. నూనె పెట్టి జడ వేసుకుని వచ్చినవాళ్లను తలస్నానం చేసి రమ్మని వెనక్కి పంపుతాం. విసుక్కుంటారు, అయినా పంపుతాం. ఇవేవీ అడగకుండా లోపలికి పంపే చోటు ఏదైనా ఉంటే అక్కడికి వెళ్లకండి.

సర్జరీ అయ్యాక మీ ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున, సాయంత్రం ఒకే వెలుతురులో కుట్ల దగ్గర ఫొటో తీయండి. నొక్కి చూడమని సర్జన్ చెబితే ఎలాగో ముందే నేర్చుకోండి. ఒకవైపే వాపు పెరుగుతున్నా, నొప్పి మందులకు లొంగకపోయినా, రంగు ఊదాకి తిరుగుతున్నా, రాత్రి రెండు గంటలైనా సరే, ఫోన్ చేయాల్సింది సర్జన్‌కి. డిశ్చార్జి రోజే ఆయన నంబర్ అడిగి తీసుకోండి. మాకు ఫోన్ చేయాలో లేదో ఆయన చెప్తారు.