కూలి వదులుకుని కౌన్సిల్‌కు: జాక్ జోన్స్ జీవితం వెనుక కథ

1936లో బ్రిటన్‌లోని రేవు నగరం లివర్‌పూల్ కౌన్సిల్‌కు లేబర్ పార్టీ తరఫున గెలిచేనాటికి జాక్ జోన్స్ వయసు 23. ఓడల్లో సరుకు ఎక్కించి దించే కూలీ. నాన్నదీ అదే పని. కౌన్సిలర్‌కు అప్పట్లో జీతం లేదు. మీటింగ్ కోసం పని మానుకుంటే ఆ కూలి పోయినట్టే. ఈ సంగతి తెలియకుండా ఆయన కౌన్సిలర్‌గా ఉన్న మూడేళ్ల విలువ అర్థం కాదు.

రేవులో పర్మనెంట్ ఉద్యోగాలు చాలా తక్కువ. పొద్దున్నే గుంపులో నిలబడాలి, మేస్త్రీ పిలిస్తేనే పని. మధ్యాహ్నం మళ్లీ అదే తంతు. ఆ పూట రేవులో కనిపించని మనిషికి పని లేదు, ఇంట్లోకి డబ్బూ రాదు. పైగా జోన్స్ యూనియన్ మనిషి, మేస్త్రీలకు గిట్టని రకం.

కౌన్సిలర్‌కు జీతం లేకపోవడం వెనుక వందేళ్ల చరిత్ర ఉంది. 1835 చట్టంతో ఎన్నికైన మునిసిపల్ కౌన్సిళ్లు వచ్చాయి గానీ, కౌన్సిలర్‌కు ఆస్తి ఉండాలని షరతు పెట్టారు. అది 1880లో పోయింది. పోటీ చేసే హక్కు దక్కినా, పోయే కూలి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్‌కు గెలిచిన ఇంజినీరింగ్ కార్మికుడు జాన్ బర్న్స్‌కు మద్దతుదారులే చందాలు వేసుకుని వారం వారం డబ్బు ఇచ్చారు. పార్లమెంటు సభ్యులకు 1911 నుంచి ఏడాదికి 400 పౌండ్లు ఇస్తుంటే, కౌన్సిలర్లను మాత్రం అలాగే వదిలేయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

స్పెయిన్‌లో ఎన్నికైన ప్రభుత్వం మీద జనరల్ ఫ్రాంకో తిరుగుబాటు కూడా 1936లోనే మొదలైంది. అక్కడికెళ్లి పోరాడటం నేరమని 1937 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది. అయినా మొత్తం మీద ఆ ప్రభుత్వం పక్షాన పోరాడటానికి బ్రిటన్, ఐర్లాండ్‌ల నుంచి దాదాపు 2,500 మంది వాలంటీర్లు వెళ్లారు, 500 మందికి పైగా తిరిగి రాలేదు. జోన్స్ కౌన్సిలర్‌గా ఉంటూనే వెళ్లి, 1938లో ఎబ్రో నది యుద్ధంలో గాయపడ్డారు. ఆయన పెళ్లాడిన ఎవెలిన్ మొదటి భర్త జార్జ్ బ్రౌన్ అంతకు ముందు ఏడాదే బ్రునెతే యుద్ధంలో చనిపోయిన వాలంటీర్.

1939లో యూనియన్ పని మీద జోన్స్ కోవెంట్రీకి మారారు. తర్వాత రవాణా కార్మికుల యూనియన్‌కు ప్రధాన కార్యదర్శి అయ్యారు, రిటైరయ్యాక పెన్షనర్ల కోసం పోరాడారు. కౌన్సిలర్ల పోయిన కూలికి పరిహారం 1948 చట్టంతో వచ్చింది. అప్పటికి ఆయన లివర్‌పూల్ కౌన్సిల్ వదిలి తొమ్మిదేళ్లు.

తమ దేశంలో పోరాడిన ఆ వాలంటీర్లు సొంత పౌరసత్వం వదులుకోకుండానే స్పెయిన్ పౌరులు కూడా కావచ్చని స్పెయిన్ 2007లో చట్టం చేసింది. 2009 జూన్‌లో, అప్పటికి బతికున్న కొందరికి లండన్‌లో స్పెయిన్ పాస్‌పోర్టులు ఇచ్చారు. జోన్స్ ఏప్రిల్‌లోనే, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.