మూసీలో కలిసే ముందు: మురుగునీటి శుద్ధిపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేస్తాను. ఎస్టీపీ అంటే జనం ముక్కు మూసుకుంటారు. మా పని గురించి తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: పారే నది తనంతట తానే శుభ్రపడుతుంది.

నదికి ఆ శక్తి ఉంది, కానీ దానికో లెక్క ఉంది. మురుగులోని మలినాన్ని బ్యాక్టీరియా తింటుంది. తినేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. ఎంత కావాలో చెప్పే కొలత బీవోడీ. ఇళ్ళ మురుగులో అది లీటరుకు సుమారు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. మన ఎండలకు శుభ్రమైన నదిలో కూడా లీటరుకు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే గొప్ప. అంటే ఒక్క లీటరు మురుగు దాదాపు 30 లీటర్ల మంచినీటి ఊపిరి తీసేస్తుంది. మూసీలో ఆ 30 లీటర్లు ఎక్కడున్నాయి? అనంతగిరి కొండల నుంచి వచ్చే నీరు ఉస్మాన్‌సాగర్ దగ్గర ఆగిపోతుంది, ఉపనది ఈసీ నీరు హిమాయత్‌సాగర్ దగ్గర ఆగుతుంది. వేసవిలో నగరం మధ్యన పారేది చాలావరకు మనం వదిలిన నీళ్ళే.

అపోహ: ప్లాంటులో కెమికల్స్ పోసి శుభ్రం చేస్తారు.

అసలు పని ఇక్కడా బ్యాక్టీరియాదే. నదిలో రోజుల తరబడి సాగే తిండిని మేం తొట్టెల్లో గంటల్లో పూర్తి చేయిస్తాం. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ ప్లాంటులో, అంటే రోజుకు దాదాపు 34 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న చోట, మురుగు కింది నుంచి పైకి బురద పొర గుండా వస్తుంది. ఆ పొరలో ఉండేది గాలి అక్కర్లేని బ్యాక్టీరియా. కొత్త ప్లాంట్లలో గాలి కొట్టడం, బురద అడుక్కి దిగనివ్వడం, పైతేట తీయడం ఒకే తొట్టెలో వంతులవారీగా జరుగుతాయి. అక్కడ బ్లోయర్ ఆగిందంటే మాకు టెన్షనే. ఆ బ్యాక్టీరియాకు ఊపిరి అదే. క్లోరిన్ అవసరం చిట్టచివర్లో, రోగకారక క్రిములను చంపడానికి మాత్రమే.

అపోహ: తేటగా ఉంటే చాలు.

అమ్మోనియా కంటికి కనిపించదు. చేపలకు అది విషం, పైగా విరిగేటప్పుడు తన బరువుకు నాలుగున్నర రెట్లు ఆక్సిజన్ లాగుతుంది. ఫాస్ఫరస్ కూడా కనిపించదు, గుర్రపుడెక్క పెరిగాకే తెలుస్తుంది. మా నీళ్ళు తాగడానికి కావు. తోటలకు, నిర్మాణాలకు, పరిశ్రమల్లో కూలింగ్‌కు వాడవచ్చు.

అపోహ: వానకు మురుగు పలచబడుతుంది, ప్లాంటుకు మంచిదే.

మాకు ఇంతకంటే కష్టకాలం లేదు. వీధిలో నీళ్ళు నిలిచాయని ఎవరో మ్యాన్‌హోల్ మూత తెరుస్తారు. ఇసుక, ప్లాస్టిక్, గుడ్డలు అన్నీ మా జాలీలకు చేరతాయి. ఉధృతి పెరిగితే తొట్టెలో వారాలపాటు పెంచుకున్న బ్యాక్టీరియా బురద నీటితోపాటు కొట్టుకుపోతుంది. ప్లాంటు పట్టలేనంత నీరు శుద్ధి కాకుండానే నదిలో పడుతుంది. వాన వెలిశాక కూడా ఆ బురద మళ్ళీ కుదురుకోవడానికి రోజులు పడుతుంది. దయచేసి ఆ మూతలు తెరవకండి.

అపోహ: ప్లాంటు కడితే నది బాగుపడినట్టే.

మురుగు ప్లాంటు దాకా రావాలి కదా. 2021 నాటి లెక్కలో జీహెచ్‌ఎంసీ పరిధిలో 1650 ఎంఎల్‌డీ మురుగు పుడుతుంటే, ఉన్న 25 ప్లాంట్ల సామర్థ్యం 772. అందుకే అదే ఏడాది మరో 31 ప్లాంట్లకు ప్రణాళిక వేశారు. ప్లాంట్లు పెరిగినా, నాలాలో నేరుగా కలిపిన పైపులోని మురుగు మా దాకా రాదు. అది మూసీలో పడి, కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర కాలువల్లోకి మళ్ళి, నల్లగొండ వైపు వరి పొలాలకు చేరుతుంది. అక్కడ నాటు వేసే ఆడవాళ్ళు గంటల తరబడి నిలబడేది ఆ నీళ్ళలోనే. మిగిలింది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించేటప్పుడు, ట్యాంకర్ ఎక్కడ పారబోస్తుందో ఒకసారి అడగండి. నాలాలో అని జవాబొస్తే ఆ ట్యాంకర్‌ను వద్దనండి.