కట్టకముందే అమ్మే ఇల్లు: ఫ్లాటు కొనుగోలుదారుల చిక్కుల పూర్వాపరాలు

హైదరాబాద్ పడమటి శివార్లలో కొత్తగా ఫ్లాటు కొన్న పది మందిని కదిపితే పది రకాల ఫిర్యాదులు వినిపిస్తాయి. చెప్పిన గడువు దాటి రెండేళ్లయినా తాళాలు చేతికి రాలేదని ఒకరు, తాళాలు ఇచ్చారు గానీ నివాసానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) రాలేదని మరొకరు, బ్రోచర్‌లో పార్కు ఉన్న చోట ఇంకో బ్లాకు లేచిందని వేరొకరు అంటారు. చదరపు అడుగు ధర ఒప్పుకున్నాక ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకు అదనపు ధర), కార్పస్ ఫండ్ (నిర్వహణ నిధి), క్లబ్‌హౌస్ అంటూ మరో పది లక్షలు కలిపారని వాపోయేవారు సరేసరి. ఇవన్నీ విడివిడి మోసాలుగా కనిపించినా వీటి వెనుక ఉన్న ఏర్పాటు ఒక్కటే. మన దగ్గర ఇల్లు కట్టకముందే అమ్ముతారు, అమ్మగా వచ్చిన డబ్బుతోనే కడతారు. కొనేవాడు పేరుకు వినియోగదారు గానీ నిజానికి హామీ లేని అప్పు ఇస్తున్న పెట్టుబడిదారు. ఈ పద్ధతి ఎలా స్థిరపడిందో, చట్టాలు దాని వెంట ఎలా పరుగెత్తాయో తెలిస్తే తప్ప నేటి ఫిర్యాదులు ఇన్ని చట్టాల తర్వాత కూడా ఎందుకు మిగిలాయో అర్థం కాదు.

పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం 1976లో వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక వ్యక్తి ఉంచుకోగల ఖాళీ స్థలాన్ని 1,000 చదరపు మీటర్లకు పరిమితం చేసింది. దాని రద్దును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో గానీ స్వీకరించలేదు. ఆ మూడు దశాబ్దాల్లోనే నగరంలో అపార్ట్‌మెంట్ అనేది పుట్టి పెరిగింది. పాత బంగళాలున్న స్థలాల యజమానులు వాటిని అమ్మకుండా ‘డెవలప్‌మెంట్‌కు’ ఇవ్వడం రివాజయింది. స్థలం ఒకరిది, కట్టేది ఇంకొకరు, లేచిన ఫ్లాట్లలో సగం సగమో, అరవై నలభయ్యో పంపకం. బిల్డరు స్థలానికి పెద్ద మొత్తం పెట్టనక్కరలేదు, యజమానికి కొంత అడ్వాన్సు ముట్టజెబితే చాలు. ఇక కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి? బిల్డర్లు భూమి కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వరాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. కట్టడానికి ఇచ్చే అప్పు కూడా చిన్న బిల్డరుకు అంత సులభంగా దొరకదు. మిగిలింది, తన వాటా ఫ్లాట్లను పునాది దశలోనే అమ్ముకోవడం. కొనేవారికీ అది ఇష్టంగానే ఉండేది, ఎందుకంటే ముందుగా కొంటే ధర తక్కువ, వాయిదాల్లో కట్టవచ్చు.

ఈ వ్యాపారానికి పగ్గాలు వేయాలన్న ఆలోచన మహారాష్ట్రకు ముందే వచ్చింది. అక్కడ ఫ్లాట్ల యాజమాన్య చట్టం 1963లోనే చేశారు. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. భూమిపై హక్కు పత్రాలు, మంజూరైన ప్లాను కొనేవారికి చూపాలని, ఉమ్మడి స్థలాల్లో ప్రతి ఫ్లాటుకూ అవిభాజ్య వాటా ఉంటుందని, యజమానులు సంఘంగా ఏర్పడాలని ఈ చట్టం చెప్పింది. చెప్పింది గానీ, దాన్ని అమలు చేసే ప్రత్యేక యంత్రాంగాన్ని నిలబెట్టలేదు. బిల్డరు మాట తప్పితే కొన్నవాడు సివిల్ కోర్టుకే వెళ్లాలి, అక్కడ వాయిదాలు భవనం వయసును మించిపోయేవి.

ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్ అంటే ఐదారు వందల గజాల్లో లేచే నాలుగైదు అంతస్తుల కట్టడం. మూడు అంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగో అంతస్తు, దానిపై పెంట్‌హౌస్ వేయడం ఎంత మామూలయిందంటే, ప్రభుత్వమే 2007 చివర్లో భవనాల జరిమానా పథకం తెచ్చి, డబ్బు కట్టించుకుని వాటిని క్రమబద్ధీకరించవలసి వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో భవనాల క్రమబద్ధీకరణ పథకం (బీఆర్‌ఎస్) పేరుతో మళ్లీ అలాంటిదే వచ్చింది. ఇక్కడ ఒక విషయం సాధారణంగా ఎవరూ చెప్పరు. అనుమతి లేని అంతస్తు వేసి లాభం తీసుకున్నవాడు బిల్డరు, ఏళ్ల తర్వాత దరఖాస్తు పట్టుకుని జరిమానా కట్టడానికి వరుసలో నిలబడ్డది చాలా చోట్ల ఆ ఫ్లాటు కొన్నవాడు. బిల్డరు అప్పటికి మరో పేరుతో మరో వీధిలో పునాది తవ్వుతుంటాడు.

అనుమతి లేని అంతస్తుల అనుభవం వల్లనే 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవోలో హైదరాబాద్‌కు ఎఫ్‌ఎస్‌ఐ (స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే నిష్పత్తి) పరిమితి తీసేస్తూనే, కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని పురపాలక సంస్థకు పూచీగా రాసివ్వాలని షరతు పెట్టారు. 2012 నాటి భవన నియమాల్లోనూ ఈ పూచీ కొనసాగింది. ప్లాను ప్రకారం కట్టినట్టు తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తేనే ఆ భాగాన్ని విడుదల చేస్తారు. ఓసీ అన్న రెండక్షరాలకు కొనుగోలుదారుల మాటల్లో ఇంత బరువు రావడం అప్పటి నుంచే. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయినందువల్ల నలభై, యాభై అంతస్తుల టవర్లకు దారి తెరుచుకుందని, అంటే కొనుగోలుదారు నిరీక్షణ రెండేళ్ల నుంచి ఐదారేళ్లకు పెరిగిందని కూడా గుర్తుంచుకోవాలి.

కొనుగోలుదారుకు తొలి నిజమైన ఆయుధం గృహ నిర్మాణ చట్టాల నుంచి కాక వినియోగదారుల రక్షణ చట్టం నుంచి వచ్చింది. ఇళ్లు కట్టి ఇవ్వడం ఆ చట్టం కింద సేవేనా అన్న వాదానికి లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993 నవంబరులో సుప్రీంకోర్టు తెర దించింది. సేవ నిర్వచనంలో గృహ నిర్మాణాన్ని చేరుస్తూ అదే ఏడాది చట్టాన్నీ సవరించారు. నాటి నుంచి జిల్లా ఫోరం మెట్లెక్కడం మధ్యతరగతి కుటుంబానికి అందుబాటులోకి వచ్చింది. అయితే ఫోరం చేయగలిగింది నష్టం జరిగాక పరిహారం ఇప్పించడం, అది కూడా ఫిర్యాదు చేసినవారికి మాత్రమే. నష్టం జరగక ముందే డబ్బు ఎటు పోతోందో చూసే అధికారం దానికి లేదు.

ఐటీ ఉద్యోగాలు పెరిగి, మాదాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ దాటి గేటెడ్ కమ్యూనిటీలు వచ్చాక అమ్మకపు ఒప్పందాలు కూడా పెద్దవయ్యాయి. నలభై పేజీల ఆ పత్రంలో కొనేవాడు ఒక్క అక్షరం మార్చలేడు. వాయిదా ఆలస్యమైతే అతడు 18 శాతం, ఒక్కోచోట 24 శాతం వడ్డీ చెల్లించాల్సి వచ్చేది. బిల్డరు ఆలస్యం చేస్తే చదరపు అడుగుకు నెలకు ఐదు రూపాయలు, అది కూడా అదనపు గడువు ముగిశాక. 1,500 చదరపు అడుగుల ఫ్లాటుకు అది నెలకు 7,500 రూపాయలు. ఆ కుటుంబం అదే నెలలో అద్దె, ఈఎంఐ రెండూ కడుతూ ఉంటుంది. ఇలాంటి ఏకపక్ష షరతులు అన్యాయమైన వ్యాపార పద్ధతేనని, కొనుగోలుదారు వాటికి కట్టుబడనక్కర లేదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పడానికి 2019 ఏప్రిల్ వరకు ఆగవలసి వచ్చింది.

ఈ దశలోనే బ్యాంకులు కూడా ఆటలోకి దిగాయి. కొనేవాడు 20 శాతం కడితే మిగతా 80 శాతాన్ని బ్యాంకు ముందే బిల్డరుకు ఇచ్చేస్తుంది, ఇల్లు చేతికొచ్చే దాకా ఈఎంఐ బిల్డరే కడతాడు అన్న పథకాలు వచ్చాయి. బిల్డరు మునిగితే అప్పు మాత్రం కొన్నవాడి పేరనే ఉంటుంది. హైదరాబాద్‌కు ఈ ప్రమాదం కళ్లకు కట్టిన సంఘటన 2009 జనవరి 7న మొదలయింది. సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని దాని అధిపతి రామలింగరాజు లేఖ రాశాక, ఆ కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్ బాచుపల్లిలో కడుతున్న హిల్ కౌంటీ పనులు నిలిచిపోయాయి. అక్కడ ఇళ్లు బుక్ చేసుకున్నవారికి ఒకవైపు సగంలో ఆగిన గోడలు, మరోవైపు ఆగని బ్యాంకు నోటీసులు మిగిలాయి. తర్వాత మౌలిక వసతులకు డబ్బు సమకూర్చే ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్ సంస్థ దాన్ని చేపట్టింది. 2018లో ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎసే కుప్పకూలడం ఆ కథకు ఎవరూ ఊహించని కొసమెరుపు. గృహ రుణాన్ని నిర్మాణ దశలతో ముడిపెట్టి మాత్రమే విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది 2013 సెప్టెంబరులో.

ప్రైవేటు వారే ఇలా, ప్రభుత్వం కడితే భద్రం అనుకోవడానికి కూడా చరిత్ర అంతగా ఒప్పుకోదు. మధ్యతరగతి కోసం 2007లో మొదలుపెట్టిన రాజీవ్ స్వగృహలో డబ్బు కట్టినవారు చాలామంది ధర పెరిగి, పనులు ఆగి వెనక్కి తగ్గారు. బండ్లగూడ, పోచారం టవర్లు ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచి, చివరకు 2022లో లాటరీ పద్ధతిలో అమ్మకానికి వచ్చాయి. అమరావతిలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) 2018 చివర్లో హ్యాపీనెస్ట్ పేరుతో 1,200 ఫ్లాట్లకు ఆన్‌లైన్ బుకింగ్ పెడితే జనం ఎగబడ్డారు. 2019లో ప్రభుత్వం మారి రాజధానే ప్రశ్నగా మారాక ఆ ప్రాజెక్టు ఏళ్ల పాటు కాగితం దాటలేదు. కట్టేది ఎవరన్నది కాదు, కట్టక ముందే డబ్బు తీసుకునే పద్ధతిలోనే ప్రమాదం ఉందనడానికి ఈ రెండూ సాక్ష్యాలు.

రియల్ ఎస్టేట్ నియంత్రణ బిల్లు రాజ్యసభలో 2013 ఆగస్టులో ప్రవేశించి, 2016 మార్చిలో చట్టమై, 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. మనం రెరా అని పిలుస్తున్నది దీన్నే. ఇంతకు ముందరి చట్టాలకూ దీనికీ తేడా ఎక్కడంటే, ఇది నేరుగా డబ్బు మీద చెయ్యి వేసింది. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ఏ ప్రాజెక్టునైనా నమోదు చేయకుండా ప్రకటించరాదు, అమ్మరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన దానిలో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికి మాత్రమే ఖర్చు చేయాలి. ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. ప్లాను మార్చాలంటే కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అప్పగించిన ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. ఇరుపక్షాలకూ వడ్డీ రేటు ఒక్కటే.

కార్పెట్ ఏరియాను, అంటే ఫ్లాటు లోపల వాడుకోగల విస్తీర్ణాన్ని, కూడా ఈ చట్టమే నిర్వచించింది. అయినా హైదరాబాద్‌లో నేటికీ హోర్డింగుల మీద కనిపించేది గోడలు, ఉమ్మడి స్థలాల వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ లెక్కే. చట్టంలో ఎక్కడా చోటు లేని ఆ మాట మీదే లక్షల లావాదేవీలు నడుస్తున్నాయి. 1,500 అడుగులని కొన్న ఫ్లాటులో టేపు పెట్టి కొలిస్తే 1,100 దగ్గర ఆగడం ఎవరినీ ఆశ్చర్యపరచడం లేదు. కొన్నవారు కూడా మళ్లీ అమ్మేటప్పుడు 1,500 అనే చెబుతారు.

చట్టం కేంద్రానిదైనా నియమాలు రాష్ట్రాలవి. పూర్తయినట్టు సర్టిఫికెట్ రాని ప్రాజెక్టులన్నీ నమోదు కావాలని కేంద్ర చట్టం అంటే, తెలంగాణ 2017 జులై నాటి నియమాల్లో అదే ఏడాది జనవరి 1 తర్వాత అనుమతి పొందిన భవనాలకే దాన్ని పరిమితం చేసింది. అప్పటికే సగం లేచి, కొనుగోలుదారులు సగం డబ్బు కట్టేసిన ప్రాజెక్టులు ఆ ఒక్క తేదీతో గొడుగు బయట పడ్డాయి. తెలంగాణ రెరాకు పూర్తి స్థాయి చైర్మన్ నియామకం 2023లో గానీ జరగలేదు. ఇక రెరా ఆదేశం వచ్చాక దాని అమలు మరో కథ. గడువు తప్పితే డబ్బు వెనక్కి అడిగే హక్కు బేషరతైనదని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది గానీ, బిల్డరు కట్టకపోతే ఆ మొత్తాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేయాల్సింది రెవెన్యూ యంత్రాంగం. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో కంపెనీ పెట్టే అలవాటు ఉన్నచోట, జప్తు చేయడానికి ఆ కంపెనీ పేరిట ఏమైనా మిగిలిందా అన్నది వేరే ప్రశ్న. దివాలా చట్టం 2018లో కొనుగోలుదారులను ఆర్థిక రుణదాతలుగా గుర్తించి, బిల్డరుపై దివాలా పిటిషన్ వేసే ఇంకో దారి చూపింది. రెండేళ్లు తిరక్కుండానే, కనీసం 100 మంది లేదా పదో వంతు మంది కలిసి వస్తేనే ఆ దారి తెరుచుకుంటుందని సవరించారు.

ఈ చరిత్ర పొడవునా కనిపించేది ఏమిటంటే, చట్టం గీత గీసిన ప్రతిసారీ డబ్బు తీసుకునే క్షణం ఆ గీతకు ఇవతలికి జరిగింది. నమోదు కాకుండా అమ్మరాదన్నారు గనుక నమోదుకు, అసలు అనుమతికే ముందు ‘ప్రీలాంచ్’ వచ్చింది. ఫ్లాటు అమ్మరాదన్నారు గనుక యూడీఎస్ వచ్చింది. అంటే ఇంకా కంచె కూడా వేయని పది ఎకరాల్లో కొనుగోలుదారు పేరిట ముప్పయ్యో నలభయ్యో గజాల అవిభాజ్య వాటాను రిజిస్టరు చేసి, మొత్తం ధరను మార్కెట్ కంటే బాగా తక్కువకు ఒకేసారి తీసుకోవడం. 2020 తర్వాత హైదరాబాద్ చుట్టూ ఇది ఒక కెరటంలా సాగింది. అమీన్‌పూర్‌లో అలా వందల కోట్లు వసూలు చేసిన ఒక సంస్థ అధిపతి 2022 డిసెంబరులో అరెస్టయ్యే దాకా చాలామందికి అది తెలివైన బేరంగానే కనిపించింది. నమోదు చేయకపోతే ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం దాకా జరిమానా వేసే అధికారం రెరాకు ఉంది, కొన్ని చోట్ల వేసింది కూడా. ఆ సొమ్ము మాత్రం కొన్నవారికి రాదు.

యూడీఎస్ దస్తావేజులో రాసే నాలుగు హద్దులు మొత్తం స్థలానివి, కొన్నవాడి వాటా ఎక్కడుందో అందులో ఉండదు. అతడు ఆ గజాలకు కంచె వేయలేడు, విడిగా కట్టలేడు, బిల్డరు మాయమైతే మిగిలిన వందల మంది యజమానులూ సంతకం చేయనిదే అనుమతికి దరఖాస్తు కూడా పెట్టలేడు.