యంత్రం ఎండబెడుతుంది అంతే, ఎరువు చేసేవాళ్లు వేరే ఉన్నారు

పిల్లలూ,

వంటింటి చెత్తను రాత్రికి రాత్రే ఎరువు చేసే కరెంటు డబ్బా గురించి అడిగారు కదా. సాయంత్రం తొక్కలు వేసి బటన్ నొక్కితే తెల్లారేసరికి గోధుమరంగు పొడి తయారు. చూడ్డానికి అచ్చం ఎరువే. కానీ అది ఇంకా ఎరువు కాలేదు.

ఆ డబ్బాలో హీటరు, చెత్తను నలగ్గొట్టే లోహపు రెక్కలు ఉంటాయి. వేడికి నీరు ఆవిరైపోతుంది, మిగిలినదాన్ని రెక్కలు పొడి చేస్తాయి. కీరదోసలో నూటికి 95 వంతులు నీరే. అందుకే డబ్బా నిండా వేసినా చివరికి గుప్పెడో రెండు గుప్పెళ్లో మిగులుతుంది. చెత్త ఎంత తగ్గిపోయిందో చూశారా అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. తగ్గింది చాలావరకు నీరేనని మాత్రం చెప్పరు!

అసలు ఎరువు చేసేది బ్యాక్టీరియా, బూజు జాతి శిలీంధ్రాలు. వాటికి తిండితో పాటు తడి, గాలి కావాలి. తిండిలోనూ పాళ్లుంటాయి: ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కార్బన్ ఉంటే చకచకా పని చేస్తాయి. పచ్చి తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో, చింపిన అట్టముక్కల్లో కార్బన్ ఎక్కువ. అందుకే రెండూ కలుపుతారు. పాళ్లు కుదిరిన పెద్ద కుప్ప ఏ ప్లగ్గూ లేకుండానే 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడంతా కంటికి కనిపించని జీవులు తింటూ పుట్టించేదే. నాకైతే ఏ యంత్రం కన్నా ఇదే పెద్ద వింత.

మీరే చూడొచ్చు. రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో తడిమట్టిలో డబ్బాలో వచ్చిన పొడి రెండు చెంచాలు కలపండి, రెండోదాంట్లో పొడి ఒక్కటే వేయండి, తడపొద్దు. మూతలు వదులుగా పెట్టండి. కొన్ని రోజులకు మొదటి సీసాలో మట్టి రేణువుల మధ్య సన్నని తెల్లటి దారాలు అల్లుకోవచ్చు. అదే బూజు. సీసా బయటి నుంచే చూడండి, మూత తీసి ముక్కు పెట్టకండి. రెండోదాంట్లో పొడి ఎలా ఉందో అలాగే ఉంటుంది, తడి లేదు కాబట్టి.

ఈ పొడిని నేరుగా కుండీలో వేస్తే తడి తగలగానే అక్కడే కుళ్లడం మొదలవుతుంది, మొక్క వేళ్లకు ఇబ్బంది. ఒక వంతు పొడికి పది వంతుల మట్టి కలిపి, కాస్త తడిపి, నెల రోజులు పక్కన పెట్టండి. వండిన పదార్థాలు ఎక్కువగా వేయొద్దు. నీరు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు, అది మొక్కకు పడదు. గట్టి ఎముకలు, పెద్ద టెంకలు వేస్తే రెక్కలు ఇరుక్కుంటాయి.

చెత్తను తక్కువ వేడిలో ఉంచి, నెమ్మదిగా కలుపుతూ, లోపలే సూక్ష్మజీవుల్ని పెంచే రకం కూడా ఉంది. వారాలు పడుతుంది గానీ దాంట్లో వచ్చేది అసలు ఎరువుకు దగ్గరగా ఉంటుంది.

పెరడు ఉంటే డబ్బా కొనమని నేను చెప్పను. అపార్ట్‌మెంట్‌లో వాసన, ఈగల టెన్షన్ ఉన్నవాళ్లకు మాత్రం పనికొస్తుంది. ఒకసారి తిప్పితే సుమారు ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది, కాబట్టి నిండాకే ఆన్ చేయండి. వాసన బయటికి వస్తోందంటే డబ్బాలో వాసనను పట్టి ఉంచే కార్బన్ ఫిల్టర్ పని అయిపోయినట్టే, మార్చమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

మీ తాతయ్య