పాలిష్ గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయా? అపోహలు - వాస్తవాలు

మాది విజయనగరం, తలుపులకి, టేకు ఫర్నిచర్‌కి పాలిష్ పెట్టే పని. రాజాం, బొబ్బిలి సైట్లకి వెళ్ళినా ఒకటే సీను, సాయంత్రం అయ్యేసరికి నూనె గుడ్డలన్నీ ఉండచుట్టి గోనెసంచిలో కుక్కేసి, రంపంపొట్టు పక్కన పడేసి షట్టర్ దించేస్తారు. అడిగితే "నిప్పు లేదు కదన్నా, ఏటవుద్ది" అంటారు.

అపోహ: అగ్గి తగిలితేనే గుడ్డ అంటుకుంటాది.

వాస్తవం: లిన్సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె, ఆరడం అంటే నీళ్ళలా ఆవిరైపోడం కాదు, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం, అలా కలిసేటప్పుడు వేడి పుడతాది. తలుపు మీద పల్చగా రాస్తే ఆ వేడి గాలికి పోద్ది కాబట్టి మనకి తెలీదు. గుడ్డ ఉండలో మాత్రం బయటికి దారి లేదు, వేడెక్కే కొద్దీ నూనె ఇంకా జోరుగా ఆక్సిజన్ లాక్కుంటాది, ఆఖరికి కాటన్ మాడి రాజుకుంటాది. పెంటపోగు లోపల వేడి చూసే ఉంటారు, కారణం వేరు గానీ వేడి లోపలే మగ్గడం మాత్రం అచ్చం అలాగే. కొన్ని గంటల తర్వాత, అంటే సరిగ్గా మనం ఇంటికెళ్ళి పడుకున్నాక అవుద్ది ఇది. ఉండ పట్టుకుంటే వెచ్చగా ఉండి, విప్పితే మధ్యలో గోధుమరంగు తిరిగి ఘాటు వాసన కొడుతుందంటే పని మొదలైపోయినట్టే.

అమెరికాలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల బిల్డింగు, 1991 ఫిబ్రవరి 23న 22వ అంతస్తులో మొదలైన మంటకి కారణం చెక్క పని చేసి వదిలేసిన లిన్సీడ్ ఆయిల్ గుడ్డలే. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు.

అపోహ: డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అంటే ఆల్రెడీ మరిగించిందే కదా, దానికేం కాదు.

వాస్తవం: ఉల్టా. తొందరగా ఆరాలని అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి డ్రయ్యర్లు కలుపుతారు, కాబట్టి వేడి కూడా తొందరగానే పుడతాది.

అపోహ: నూనె గుడ్డలన్నీ ఒకటే.

వాస్తవం: కాదు. మెకానిక్ షెడ్డులో ఇంజన్ ఆయిల్, గ్రీజు గుడ్డలు మామూలుగా వాటంతటవి వేడెక్కవు, నిప్పురవ్వ పడితే మాత్రం బాగా మండుతాయి. స్పిరిట్, థిన్నర్ గుడ్డలకి భయం వాటి ఆవిరికి నిప్పు అంటుకోడంతో. ఆరే నూనెలే తేడా, లిన్సీడ్, టంగ్ (టంగ్ చెట్టు గింజల నూనె), వీటితో చేసే డేనిష్ ఆయిల్. నూనె ఎంత అయోడిన్ పట్టుకుంటాదో చెప్పే అంకెని అయోడిన్ విలువ అంటారు, అది ఎంత ఎక్కువుంటే నూనె అంత జోరుగా ఆరుద్ది, లిన్సీడ్‌కి 170 పైనే, కొబ్బరి నూనెకి 10 అటూఇటూ. ఒలికిన లిన్సీడ్ మీద రంపంపొట్టు చల్లి మూలకి ఊడ్చేస్తారు చూడండి, అదీ గుడ్డ ఉండతో సమానమే.

అపోహ: బకెట్‌లో పడేసి మూత పెడితే చాలు.

వాస్తవం: ప్లాస్టిక్ బకెట్ అయితే అదే కరిగి మంటకి మేత అవుద్ది. రేకు డబ్బా కావాలి, మూత గట్టిగా పడాలి, ఏ రోజు గుడ్డలు ఆ రోజే ఖాళీ చెయ్యాలి. ఇంకా ఖర్చు లేని పద్ధతి, పాత పెయింట్ డబ్బాలో నీళ్ళు పోసి గుడ్డలు పూర్తిగా ముంచి మూత వెయ్యడం, ముంచడం అంటే తడపడం కాదు, ఒక్క మూల కూడా పైకి తేలకూడదు. లేదంటే బయట, గోడకి దూరంగా, తీగ మీద విడివిడిగా ఆరెయ్యండి, మడత పడకుండా. గట్టిగా పెళుసుగా అయితే ఆరినట్టు. వానాకాలం మన దగ్గర తేమకి రోజులు పడతాది, తొందరపడి పోగు పెట్టకండి.

పొగ వస్తుంటే పోగుని కెలకొద్దు, గాలి తగిలితే గుప్పున లేస్తాది. దూరం నుంచి నీళ్ళు బాగా కొట్టి, మంట లేస్తే బయటికొచ్చి 101కి ఫోన్ చెయ్యండి. అన్నట్టు మున్సిపాలిటీ చెత్త బండికి పచ్చి నూనె గుడ్డలు వెయ్యకండి, ఆ బండిలో ఎంత కాగితం, ఎంత ప్లాస్టిక్ ఉంటాదో తెలుసు కదా, ఆరాకే ఇవ్వండి.