గ్రంథులకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్

గజ్జల్లో బిళ్ల కడితే చేతికి తగిలేది లింఫ్ గ్రంథే. ప్రోస్టేట్ క్యాన్సర్ సాధారణంగా ముందు చేరేది మాత్రం కటి లోపల, పెద్ద రక్తనాళాల వెంబడి ఉండే గ్రంథులకు. అవి చేతికి తగలవు. చాలాసార్లు సీటీ స్కాన్‌కీ దొరకవు. సీటీ ముఖ్యంగా సైజు చూసి చెబుతుంది. అయిదు మిల్లీమీటర్ల గ్రంథిలో క్యాన్సర్ ఉన్నా దానికి మామూలుగానే కనిపిస్తుంది. పీఎస్ఎంఏ పెట్ స్కాన్ పద్ధతి వేరు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ఒక ప్రొటీన్‌కి అతుక్కునే రేడియోధార్మిక మందును నరంలోకి ఎక్కించి, అది ఎక్కడ పోగైందో చూస్తారు. 2020లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో దీని కచ్చితత్వం 92 శాతం. సీటీ, బోన్ స్కాన్ రెండూ కలిపినా 65 శాతమే. మరీ చిన్నవి దీనికీ చిక్కవనుకోండి.

ఒకప్పుడు ఆపరేషన్ మధ్యలోనే గ్రంథిని పరీక్షకు పంపి, క్యాన్సర్ ఉందని తేలితే ప్రోస్టేట్ తీయకుండానే కుట్లు వేసేసేవారు. ఎలాగూ పాకింది, తీసి ఏం లాభం అని. ఇప్పుడు అలా వదిలేయరు. కటి గ్రంథుల దగ్గరే ఆగి ఉంటే, ప్రోస్టేట్‌కీ ఆ గ్రంథులకీ కలిపి రేడియేషన్ ఇస్తూ, హార్మోన్ వైద్యం జోడిస్తారు.

ఈ క్యాన్సర్‌ని పెంచి పోషించేది మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ అని 1941లోనే చార్లెస్ హగ్గిన్స్ బృందం చూపించింది. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. హార్మోన్ వైద్యమంటే దాన్ని తగ్గించడమే. ఇందుకు ఇప్పుడు వాడే ఇంజెక్షన్లలో కొన్ని మొదటి వారం రెండు వారాలు ఆ హార్మోన్‌ను పెంచి, తర్వాతే పడగొడతాయి. అందుకే ముందుగా కొన్నాళ్లు ఆ హార్మోన్ పనిని అడ్డుకునే మాత్రలు ఇస్తారు.

అసలు మలుపు 2022లో వచ్చిన స్టాంపీడ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు. గ్రంథులకు పాకినవారితో పాటు, పాకకపోయినా ముప్పు బాగా ఎక్కువున్నవారినీ అందులో చేర్చారు. మామూలు వైద్యానికి రెండేళ్లు అబిరాటెరోన్ (ఒంట్లో టెస్టోస్టెరాన్ తయారీని ఆపే మాత్ర) కలిపితే, ఆరేళ్ల తర్వాత క్యాన్సర్ దూర అవయవాలకు పాకకుండా బతికున్నవారు 82 శాతం. కలపనివారిలో 69 శాతం. ఇది చిన్న తేడా కాదు.

ఊరికే మాత్ర మింగితే సరిపోదు. అబిరాటెరోన్‌ను పరగడుపున, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తోడుగా వేసుకోవాలి. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు తప్పవు. టెస్టోస్టెరాన్ తగ్గాక ఒంట్లో ఆవిర్లు, కండ తగ్గడం, ఎముకలు గుల్లబారడం, లైంగిక ఆసక్తి పోవడం మామూలే. చివరిదాని గురించి అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. మందు మొదలుపెట్టక ముందే డాక్టర్‌ని అడిగేయడం మేలు.