తాడెక్కే కణాలు, జారే మోకు

నర్సంపేట దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు ఇటీవల ఈ ప్రశ్న పంపారు: "కల్లు చలువ చేస్తదని మా ఊళ్లె కడుపుతోటి ఉన్నోళ్లకు గూడ పోస్తరు. పుట్టే పిల్లల చదువు మీద ఏమన్న ప్రభావం ఉంటదా?"

ఉంటుంది. నాలుగు శాతం ఆల్కహాల్ ఉన్న 650 మి.లీ. సీసా కల్లులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 42.8 శాతం ఉండే విస్కీ 60 మి.లీ.లో ఉండేదీ అంతే. అది మాయను అడ్డులేకుండా దాటి బిడ్డ రక్తంలో చేరుతుంది. దానిని విరగ్గొట్టే శక్తి బిడ్డ కాలేయానికి చాలా తక్కువ, ఉమ్మనీటిలో చేరినదాన్ని బిడ్డ మళ్లీ మింగుతుంది కూడా. ఇక్కడితో ఆ సంగతి వదిలి, నన్ను ఏళ్లుగా కట్టిపడేసిన విషయానికి, అంటే ఆ తర్వాత మెదడులో జరిగేదానికి వస్తాను.

మెదడు పైపొరలోని నాడీకణాలు చాలావరకు అక్కడే పుట్టినవి కావు. అవి మెదడు లోపలి గదుల గోడల దగ్గర పుట్టి, ముఖ్యంగా మూడో నెల నుంచి ఐదో నెల దాకా, పైకి ప్రయాణం చేస్తాయి. వాటికి దారిగా రేడియల్ గ్లియా అనే కణాలు లోపలి గోడ నుంచి ఉపరితలం దాకా సన్నని పోగులను నిటారుగా చాచి ఉంచుతాయి. ఈ దృశ్యాన్ని సూక్ష్మదర్శిని చిత్రాల్లో చూసినప్పుడల్లా నాకు జనగామ దారిలోని తాటివనాలు, తెల్లవారకముందే మోకు అనే తాడు వేసుకుని చెట్టెక్కే గౌడన్నలు గుర్తుకు వస్తారు. గీత కార్మికుడు మోకును పైకి జరిపి, దాని మీద బరువు మోపి, కాళ్లను పైకి తెచ్చుకుంటాడు. నాడీకణం కూడా ముందుకు ఒక కొన సాచి, పోగు మీద పట్టు బిగించి, తన కేంద్రకాన్ని పైకి లాక్కుని, కింది పట్టు వదులుతుంది. తాడిచెట్టు మనిషికి పది నిలువుల ఎత్తు ఉంటే, ఈ కణం ఎక్కవలసిన ఎత్తు తన నిలువుకు వందల రెట్లు. పైగా ముందు ఎక్కినవి కింది పొరల్లో ఆగిపోతాయి, వెనుక వచ్చినవి వాటిని దాటుకుని ఇంకా పైకి పోవాలి.

ఆల్కహాల్ మొదట చెట్టునే దెబ్బతీస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో రేడియల్ గ్లియా తన పని ముగియకముందే ఆస్ట్రోసైట్ అనే మరో రకం కణంగా మారిపోయింది. పైకి చేరవలసిన నాడీకణాలు కింది పొరల్లోనే దొరికాయి. మోకు సంగతి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవడానికీ, తీగలు సాచడానికీ ఉపయోగపడే ప్రోటీన్లలో ఎల్1 ఒకటి. దాని జన్యువు చెడిన పిల్లల్లోనూ, గర్భంలో మద్యం తగిలిన పిల్లల్లోనూ మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోజంలో ఒకే పోలిక గల లోపాలు కనిపించాయి. దాంతో బోస్టన్‌లో మైకేల్ చార్నెస్ బృందం ఎల్1 మీద ఆల్కహాల్ ప్రభావాన్ని పరీక్షించింది. 1996లో వారు ప్రచురించిన ఫలితం ప్రకారం, ప్రయోగశాలలోని కణాల మధ్య ఎల్1 కలిగించే పట్టును ఆల్కహాల్ అడ్డుకుంటుంది. ఆ నిరోధం సగం స్థాయికి చేరడానికి 7 మిల్లీమోలార్ గాఢత చాలు. అంటే 100 మి.లీ. రక్తంలో దాదాపు 32 మి.గ్రా. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం విధించిన హద్దు 30 మి.గ్రా. పోలీసులు ఆపే మోతాదులోనే మోకు జారుతోందన్నమాట.

తాడి కొనకు చేరాక అక్కడ ఆగడం కూడా ఒక పనే. 1978లో సియాటిల్ పరిశోధకులు ఇలా గర్భంలో మద్యం తగిలి పుట్టి, తర్వాత మరణించిన శిశువుల మెదళ్లను పరిశీలించినప్పుడు, కొన్ని కణాలు ఆగవలసిన చోటు దాటి, మెదడు ఉపరితలం మీదికి వచ్చి, పైనున్న పలుచని పొరల్లో పరచుకుని ఉన్నాయి. మట్టలు దాటి ఎక్కడానికి గౌడన్నకు చెట్టు ఉండదు. కణానికి మాత్రం ఆ హద్దు చెరిగిపోయింది.

ఇలా అమరిన మెదడుతో బడికి వచ్చిన బిడ్డకు ఎక్కువగా కష్టమయ్యేది లెక్కలు. సియాటిల్‌లోనే ఆన్ స్ట్రైస్‌గత్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి పిల్లలను గమనించి చెప్పిన విషయాల్లో ఇదొకటి. సోమవారం అప్పజెప్పిన ఎక్కం మంగళవారానికి ఉండదు, మూడు పనులు కలిపి చెబితే ఒక్కటే చేస్తాడు, మనం వాడిని మొండివాడంటాం. ముఖం చూసి గుర్తించలేం. పలచని పై పెదవి, చదునైన ముక్కు కింది గాడి, చిన్న కళ్ల చీలికలు గర్భం మూడో వారం ప్రాంతంలో జరిగిన నష్టానికి గుర్తులు. బాధిత పిల్లల్లో ఎక్కువమందికి ఆ గుర్తులు ఉండవు.

గ్రహణం నాడు గర్భిణిని కత్తిపీట ముట్టనివ్వని ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆ జాగ్రత్త వెనుక ఉన్న ప్రేమను నేను కాదనను. కానీ ఆకాశంలో పడిన నీడకు పెదవి చీలదు. అదే ఇంట్లో, అదే తల్లికి పండుగ నాడు కల్లు పోయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. గర్భిణికి ఇంత వరకు ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ తేలలేదు.

అయితే టీచరమ్మకు ఒక మాట. ఎక్కం నిలవని ప్రతి బిడ్డకూ కారణం ఇదే కాదు. రక్తహీనత, వినికిడి లోపం, చూపు లోపం ముందు పరీక్షించాలి, తల్లిని నిలదీయకూడదు. ఒకసారికి ఒకే మాట చెప్పడం, చింతగింజలు చేతికిచ్చి లెక్కపెట్టించడం, నిన్నటి పాఠాన్ని ఈరోజు మళ్లీ మొదటి నుంచి చెప్పడం ఇలాంటి పిల్లలకు పనికివస్తాయి. తెలియక తాగిన తల్లి ఐదో నెలలో మానేసినా లాభమే, ఎందుకంటే కణాల వలస చాలావరకు ముగిసినా చిన్నమెదడు పెరగడం, కణాల మధ్య సంధులు ఏర్పడటం ఆ తర్వాతే ముమ్మరమవుతాయి.